పేర్లు కాదు, అర్థము కావలెను

మన పిల్లలు పలువురు నేడు పైథాన్ భాషలో కంప్యూటరుచే లెక్కలు చేయించుట నేర్చుకొనుచున్నారు. ఇది సంతోషింపదగిన విషయము. అయితే నేర్చు తీరును గూర్చి రెండు మాటలు మనవి చేయదలచితిమి.

సంఖ్యల వరుసలతో పనిచేయుటకు పైథానులో నమ్‌పై అను సాధనము గలదు. పూర్వపు న్యూమెరిక్, నమ్‌అర్రే అను రెండింటిని ఏకము గావించి ట్రావిస్ ఆలిఫాంట్ దీనిని నిర్మించెను. దీని 1.0 సంచిక 2006లో వెలువడెను. ఇందలి ప్రమేయములు వందలకొలది. వాని పేర్లు వల్లె వేయుట చదువు కాదని మా దృఢాభిప్రాయము.

ఆరంభమున నాలుగైదు చాలును. 'అరేంజ్'నకు 0, 10, 2 ఇచ్చినచో 0, 2, 4, 6, 8 వచ్చును, 10 రాదు. 'లిన్‌స్పేస్'నకు 0, 1, 5 ఇచ్చినచో 0, 0.25, 0.5, 0.75, 1 వచ్చును. తుది సంఖ్యయు చేరును. మొదటిదానికి అడుగెంతయో చెప్పుదుము. రెండవదానికి సంఖ్యలెన్నియో చెప్పుదుము.

మువ్వురు విద్యార్థులకు నాలుగు విషయములలో వచ్చిన 12 మార్కులను 'రీషేప్' 3 అడ్డువరుసలు, 4 నిలువువరుసలుగా అమర్చును. పిమ్మట 'సమ్'నకు అక్షము 0 అనినచో విషయములవారీ నాలుగు మొత్తములు, 1 అనినచో విద్యార్థులవారీ మూడు మొత్తములు వచ్చును. అక్షము తారుమారైనను యంత్రము అభ్యంతరము చెప్పదు. అడిగిన మొత్తమునే చూపును. పొరపాటును పట్టవలసినది మనిషియే. అర్థము తెలియనివాడు దానిని పట్టజాలడు.

ఆ అర్థము మాతృభాషలో శీఘ్రముగా నాటుకొనును. ఉద్యోగములు ఆంగ్లమున నున్నవి గదా యని కొందరందురు. నిజమే, ప్రమేయముల పేర్లు ఆంగ్లముననే యుండనిండు. అడ్డువరుస, నిలువువరుస, మొత్తము, సగటు అను మాటలకు మనకు కొరత లేదు.

1956లో రాజ్యాంగమున చేరిన 350ఎ అధికరణము, అల్పసంఖ్యాక భాషావర్గముల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు తగిన సౌకర్యములు కల్పింప యత్నింపవలెనని రాష్ట్రములకు విధించినది. ఆ దశ దాటిన పిమ్మటి భారము మనదే. కనుక మన తెలుగు తరగతులలో పద్యముల సరసన లెక్కలకును ఒక గంట కేటాయింపవలెను. పిల్లలు మొదట కాగితముపై చేతితో కూడి, తరువాత యంత్రముతో సరిచూచుకొందురు గాక. పండుగనాడు పాటకు మాత్రమే పనికివచ్చు భాషను రేపటి తరము నిలుపుకొనదు. ఆలోచించుటకు పనికివచ్చు భాషను విడువదు.