అరగని కీలు కోసం...

ఆయన భోజనాల బల్ల దగ్గర ముందుకు వంగితే చాలు... కిర్రుమని చప్పుడు! కుర్చీది కాదు, బల్లది కాదు. ఆయన తుంటిది. ఆ కిర్రు భరించలేక భార్య వీలైనంత వరకూ దూరం దూరంగా తిరిగేదట.

ఇది 1950ల నాటి మాట. తుంటికీలు అరిగిపోయి అడుగు తీసి అడుగు వేయలేనివారికి అప్పట్లో తొడ ఎముక పైన ఉండే బంతిలాంటి భాగాన్ని తీసేసి, యాక్రిలిక్ ప్లాస్టిక్‌తో చేసిన బంతిని బిగించేవారు. పారిస్‌కు చెందిన జుడె సోదరులు కనిపెట్టిన పద్ధతి అది. కొత్తలో నొప్పి పోయేది. మనిషి నడిచేవాడు. కొన్నాళ్లకు ఆ బంతి అరిగేది, వదులయ్యేది. మళ్లీ నొప్పి మొదలయ్యేది.

కిర్రుమనే ఆ తుంటి సంగతి ఇంగ్లండులోని మాంచెస్టర్‌లో పనిచేస్తున్న జాన్ చార్న్‌లీ అనే ఎముకల డాక్టరు చెవిన పడింది. ఆయన ఆలోచనలో పడ్డారు. చప్పుడు వస్తోందంటే రాపిడి ఉన్నట్టే కదా! రాపిడి ఉంటే కాలు కదిలినప్పుడల్లా ఆ బంతి పట్టేసి, తాను బిగిసి ఉన్న ఎముకను గుంజుతుంది. రోజుకు కొన్ని వేలసార్లు గుంజితే ఎంత బాగా బిగించినా వదులు కాక చస్తుందా? అంటే లోపం ఆపరేషన్‌లో లేదు, కీలు తయారైన పదార్థంలో ఉంది. ఇవాళ ప్రపంచమంతటా జరుగుతున్న కీలు మార్పిడి ఆపరేషన్లకు పునాది పడింది ఆ ఆలోచనతోనే.

మంచుకన్నా నునుపు

చార్న్‌లీ 1911లో లాంకషైర్‌లోని బరీ పట్టణంలో పుట్టారు. తండ్రికి మందుల దుకాణం, తల్లి నర్సు. డాక్టరైనా ఆయన బుద్ధంతా మెకానిక్‌ది. రెండో ప్రపంచయుద్ధంలో సైన్యంలో పనిచేసినప్పుడూ వైద్య పరికరాల తయారీ మీదే మనసు. ఇంట్లో సొంతంగా లేత్ మిషన్ పెట్టుకుని కావలసినవి తానే చెక్కుకునేవారు.

అసలు దేవుడిచ్చిన కీలు ఎలా పనిచేస్తోందో చూద్దామని, ఆపరేషన్‌లో తీసేసిన కాలి మోకీలు తెచ్చి దాని రాపిడిని కొలిచారు. మంచు మీద జారే స్కేటింగ్ బూట్ల రాపిడికన్నా అది తక్కువగా తేలింది! లోహానికీ ప్లాస్టిక్‌కీ ఆ గుణం లేదు. కాబట్టి తనంతట తానే జారుడుగా ఉండే పదార్థం కావాలి. అప్పుడు దొరికింది టెఫ్లాన్. అట్టు అంటుకోకుండా నాన్‌స్టిక్ పెనాలకు పూస్తారే, అదే.

టెఫ్లాన్‌కు మరో రెండు ఉపాయాలు తోడయ్యాయి. మొదటిది బంతి సైజు. తలుపును బందుల దగ్గర పట్టుకు నెడితే కదలదు, అంచు దగ్గర నెడితే సులువుగా కదులుతుంది. రాపిడిదీ అదే లెక్క. బంతి పెద్దదైతే రాపిడి దూరం నుంచి పనిచేసి గిన్నెను బలంగా తిప్పేస్తుంది. చిన్నదైతే ఆ బలం చాలదు. అందుకే అసలు బంతిలో దాదాపు సగం ఉండేలా, 22 మిల్లీమీటర్ల స్టీలు బంతిని ఎంచుకున్నారు. ఇంచుమించు రూపాయి బిళ్ల అంత వెడల్పన్నమాట.

రెండోది అతికే విధానం. కట్టుడు పళ్ల తయారీలో వాడే యాక్రిలిక్ ముద్దను మాంచెస్టర్ దంతవైద్య కళాశాలకు చెందిన డెన్నిస్ స్మిత్ సూచించారు. మేస్త్రీ రాళ్ల సందుల్లో సిమెంటు కూరినట్టు దాన్ని ఎముకలో కూరి, అందులో స్టీలు కాడను దించేవారు. నిమిషాల్లో గట్టిపడి బరువును ఎముకంతటికీ పంచేది. ఎముకల డాక్టర్లు ఈనాటికీ దాన్ని 'బోన్ సిమెంట్' అనే అంటారు.

మూడొందల మంది

అంతకుముందు క్షయ రోగుల శానటోరియంగా ఉన్న రైటింగ్టన్ ఆసుపత్రిలో చార్న్‌లీ ఈ కీళ్లు అమర్చసాగారు. ఏళ్ల తరబడి మంచం పట్టినవారు లేచి నడిచారు. నొప్పి మాయం. దాదాపు మూడు వందల మందికి ఆపరేషన్లు జరిగాయి.

రెండు మూడేళ్లు గడిచాయి. నడిచి వెళ్లినవారు ఒక్కొక్కరే కుంటుతూ తిరిగొచ్చారు. టెఫ్లాన్ జారుడుదే కానీ గట్టిది కాదు. స్టీలు బంతి దాన్ని తొలిచేసింది. పోనీ అరిగి ఊరుకుందా అంటే అదీ లేదు. రాలిన పొడిని శరీరం పరాయి వస్తువుగా చూసి ఎదురుతిరిగింది. చుట్టూ గడ్డలు కట్టాయి, ఎముక దెబ్బతింది.

రాత్రిళ్లు నిద్రలేచి చూస్తే భర్త తల పట్టుకుని మంచం మీద కూర్చుని ఉండేవారని ఆయన భార్య తర్వాతెప్పుడో చెప్పారు. నమ్మి పడుకున్న మూడు వందల మందికీ చేసిందంతా మళ్లీ విప్పాలి. ఆ పని చార్న్‌లీ వేరెవరికీ అప్పగించలేదు. తాను పెట్టిన కీళ్లను తానే తీశారు. తన పద్ధతి విఫలమైందని నలుగురిలో ఒప్పుకున్నారు.

మగ్గాల నుంచి మనిషిలోకి

ఆ కష్టకాలంలో దారి చూపింది మరో డాక్టరు కాదు, ప్రయోగశాలలో పనిచేసే మెకానిక్ హ్యారీ క్రేవెన్. పదార్థాలు ఎంత త్వరగా అరుగుతాయో తేల్చే యంత్రాన్ని కట్టింది అతనే. 1962లో ఓ సేల్స్‌మన్ అతని దగ్గరికి ఒక ప్లాస్టిక్ ముక్క పట్టుకొచ్చాడు. లాంకషైర్ మరమగ్గాల్లో పళ్ల చక్రాలకు వాడే ఓ రకం గట్టి పాలిథిన్ అది. చార్న్‌లీకి చూపిస్తే బొటనవేలి గోటితో గుచ్చి చూసి, పెదవి విరిచి వెళ్లిపోయారు.

క్రేవెన్ ఆ ముక్కను పారేయలేదు. డాక్టరుగారు కోపెన్‌హేగెన్ వెళ్లిన సమయం చూసి యంత్రానికి ఎక్కించాడు. అది రాత్రీ పగలూ ఆడుతూనే ఉంది. ఒక రోజు... ఒక వారం... మూడు వారాలు. టెఫ్లాన్ ఒక్క రోజులో అరిగేంత కూడా అది మూడు వారాల్లో అరగలేదు!

తిరిగొచ్చిన చార్న్‌లీ ఫలితం చూశారు. ముందు తీసిపారేసిందే ఇదని పట్టింపుకు పోలేదు. 1962 నవంబరు నుంచి రోగులకు దాన్నే వాడటం మొదలుపెట్టారు. అయితే ఈసారి యంత్రం మాట ఒక్కటే నమ్మదలచుకోలేదు. టెఫ్లాన్ పొడినీ, కొత్త ప్లాస్టిక్ పొడినీ విడివిడిగా తన తొడలోకే ఎక్కించుకున్నారు! తొమ్మిది నెలలయ్యాక చూస్తే టెఫ్లాన్ ఉన్నచోట చేతికి తగిలేలా గడ్డలు కట్టాయి. రెండోది ఉన్నచోట ఏమీ లేదు. ఆ సంగతిని 1963లో లాన్సెట్ వైద్య పత్రికకు రాశారు.

అమ్మకానికి తొందరేం?

ఆ రోజుల్లో కీలు మార్చినవారిని మరో భయం వెంటాడేది. చీము పట్టడం. మొదట్లో చార్న్‌లీ రోగుల్లో వందకు ఏడుగురి దాకా ఆ బాధ తప్పలేదు. ఆపరేషన్ గదిలోని గాలే కారణమని అనుమానించి, బల్ల చుట్టూ అద్దాల గదిలాంటిది కట్టించి పైనుంచి వడపోసిన గాలిని వదిలారు. సర్జన్లకు ఒంటినిండా కప్పే దుస్తులు తొడిగి, వాళ్లు వదిలిన ఊపిరిని కూడా గొట్టాలతో బయటకు లాగించారు. ఇన్ఫెక్షన్లు వందకు ఒకటికన్నా తక్కువకు దిగాయి.

ఇంత సాధించాక ఎవరైనా ఏం చేస్తారు? ఊరూరా అమ్మకాలు మొదలుపెడతారు. చార్న్‌లీ మాత్రం ఏళ్లపాటు ఆ కీలును బజారులో పెట్టనివ్వలేదు. కావాలన్న సర్జన్ రైటింగ్టన్‌కు వచ్చి పని నేర్చుకోవాల్సిందే. ఆపరేషన్ చేయించుకున్నవారి చేత ఓ అంగీకారపత్రం రాయించుకోవడమూ మొదలుపెట్టారు. చనిపోయాక ఆ కీలును పరిశీలనకు ఇవ్వాలని! పదేళ్లు, పదిహేనేళ్లు నడిచిన కీలు లోపల ఎలా ఉందో తెలుసుకోవడానికి అంతకు మించిన దారి లేదు. రోగులు సంతోషంగా ఒప్పుకున్నారు. 1977లో సర్ బిరుదు అందుకున్న చార్న్‌లీ 1982లో కన్నుమూశారు.

మన ఇళ్లలోకి...

మన ఇళ్లలో తుంటికన్నా మోకాళ్ల మాటే ఎక్కువగా వినిపిస్తుంది. 'గుజ్జు అరిగిపోయింది, మార్చాల్సిందే' అని డాక్టరు చెప్పే మోకీలుకూ ఈ కథే మూలం. రైటింగ్టన్‌లో పని నేర్చుకున్న కెనడా సర్జన్ ఫ్రాంక్ గన్‌స్టన్ 1968లో అదే స్టీలు, అదే పాలిథిన్, అదే సిమెంటుతో మోకీలు తయారుచేశారు. ఇప్పటి కీళ్లలో లోహాలు మారాయి, పాలిథిన్‌ను రేడియేషన్‌తో ఇంకా గట్టిపరుస్తున్నారు. మూలసూత్రం మాత్రం మారలేదు: ఒకవైపు నున్నటి గట్టి తలం, మరోవైపు అరగని ప్లాస్టిక్.

మారని విషయం ఇంకొకటుంది. కొత్త కీలు మంచిదో కాదో ప్రయోగశాల చెప్పేది సగమే. మిగతా సగం మనిషి శరీరం చెప్పాలి, అదీ కొన్నేళ్లకు. అందుకే స్వీడన్ 1970ల్లోనే ఎవరికి ఏ కీలు పెట్టారు, అది ఎన్నాళ్లు పనిచేసిందన్న లెక్కలు రాయడం మొదలుపెట్టింది. తర్వాత చాలా దేశాలు ఆ బాట పట్టాయి.

ఆ లెక్కల విలువ 2010లో తెలిసొచ్చింది. ప్లాస్టిక్ లేకుండా లోహం మీద లోహమే తిరిగే ఒక రకం తుంటికీలును ఆ ఏడాది ప్రపంచమంతటా వెనక్కి తీసుకున్నారు. అప్పటికే దాదాపు 93 వేల మందికి అమర్చేశారు. రాపిడికి రాలిన లోహపు పొడి చాలామందిని అవస్థల పాలు చేసింది. ఆ కీలు తేడాగా ఉందని ముందుగా పట్టిచ్చినవి ఆస్ట్రేలియా, బ్రిటన్‌ల రిజిస్టర్లే. మన దేశంలోనూ వేలమందికి ఆ కీళ్లు పెట్టారు. 2018లో కేంద్రం వారికి పరిహారం లెక్కగట్టే పద్ధతి ప్రకటించింది. తీరా చూస్తే చాలామంది ఆచూకీయే దొరకలేదు. ఎవరికి ఏది పెట్టారో చెప్పే కాగితం లేకపోతే వెతికేదెలా?

కాబట్టి ఇంట్లో అమ్మకో, తాతయ్యకో కీలు మార్చాల్సి వస్తే ఖర్చెంతని అడగడంతో ఆగొద్దు. ఈ రకం కీలు ఎన్నేళ్లుగా వాడుకలో ఉంది, పదేళ్ల తర్వాత ఎలా పనిచేస్తోందని కూడా అడగండి. 'సరికొత్త మోడల్' అన్న మాటకు మురిసిపోనక్కర్లేదు. ఆపరేషన్ అయ్యాక కీలు పెట్టె మీది స్టిక్కర్లను కేసు షీటులో అంటిస్తారు. తయారీదారు పేరు, సైజు, బ్యాచ్ నంబరు వాటి మీద ఉంటాయి. వాటి నకలు అడిగి తీసుకుని, ఇంటి పత్రాలతోపాటు బీరువాలో దాచండి. ఏళ్ల తర్వాత ఆ కీలుకు ఏదైనా తేడా వస్తే, డాక్టరు ముందుగా అడిగేది ఆ వివరాలే.