కత్తి మన ఇష్టం, కుర్చీ మన హక్కు

పట్నాల్లో ఈమధ్య మడత కత్తికి మళ్ళీ మోజు పుట్టింది. మనం మంగలి కత్తి అంటామే, అదే. పొడుగాటి ఉక్కు రేకు, దాన్ని ముడిచి దాచుకునే పిడి. జర్మనీలో జోలింగెన్, ఇంగ్లండులో షెఫీల్డు ఈ కత్తులకు పేరుమోసిన ఊళ్ళు. వేల రూపాయలు పోసి అలాంటి కత్తి తెప్పించుకుని, అద్దం ముందు నిలబడి, తమ గడ్డం తామే గీసుకుంటున్నారు కొందరు. షాపుకు పోయే స్తోమతు లేక కాదు. ఇష్టపడి.

ఎందుకయ్యా అంటే వాళ్ళు చెప్పే కారణాలు కొట్టిపారేసేవి కావు. మూడు నాలుగు బ్లేడ్ల రేజరు వెంట్రుకను పైకి లాగి చర్మం కింది దాకా కోస్తుంది. అది మళ్ళీ మొలిచేటప్పుడు, ముఖ్యంగా ఉంగరాల వెంట్రుకల వాళ్ళకి, లోపలికి తిరిగి పొక్కులు లేస్తాయి. ఒక్క అంచు కత్తితో ఆ బాధ తక్కువ. సరిగా చూసుకుంటే తండ్రి కత్తి కొడుక్కీ పనికొస్తుంది. పారేసే ప్లాస్టిక్ చెత్త ఉండదు. చెయ్యి కుదురుగా ఉండాలి, ఓపిక ఉండాలి, ఆ పావుగంట మనసుకు నిమ్మళం అంటారు.

బాగుంది. ఎవరి గడ్డం వాళ్ళిష్టం. మేం అడిగేది ఒక్కటే. ఈ దేశంలో తరాల తరబడి తన గడ్డం తన ఇంట్లోనే, తన వాళ్ళ చేత్తోనే గీయించుకున్న మనిషి ఇంకొకడున్నాడు. నీకు ఇదే ఇష్టమా అని అతన్ని ఎవరూ అడగలేదు. అతను మన తాత.

బాబాసాహెబ్ తన అనుభవాలు రాసుకున్న 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో ఈ సంగతి ఉంది. సతారాలో మంగళ్ళకు కొదవ లేదు. ఇచ్చుకోడానికి డబ్బూ ఉంది. తండ్రి మిలిటరీలో సుబేదారుగా చేసినవాడు. అయినా ఆ పిల్లల తల ముట్టడానికి ఒక్కడూ ఒప్పుకోలేదు. పెద్దక్కే తమ్ముళ్ళకు క్షవరం చేసేది. నాలుగు డబ్బులు చేతిలో పడితే కులం అదే పోతుందని చెప్పే పెద్దమనుషులు ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకుంటే చాలు.

మన పల్లెల్లోనూ ఇదే కథ. మాలపల్లెలోనో మాదిగ గూడెంలోనో చెయ్యి తిరిగినవాడు ఒకడో ఇద్దరో ఉండేవాళ్ళు. ఒక పాత కత్తి, సానరాయి ముక్క, చేతి అద్దం, చెంబుడు నీళ్ళు. పగలంతా కూలికి పోయి, తీరిక దొరికినప్పుడు చెట్టు కింద కూర్చుని పేటంతటికీ చేసేవాడు. పెళ్ళికొడుకును చేసేటప్పుడు ఆ చెయ్యే, పెద్దదినం నాడూ ఆ చెయ్యే. ఊరు అతని పనిని పనిగా లెక్కవేసింది లేదు, కల్లంలో అతనికి గింజ కొలిచింది లేదు.

ఆ కత్తిలోనే ఇంకో సంగతి ఉంది. కత్తిని రాయి మీద నూరితే సరిపోదు. గీసే ముందు ప్రతిసారీ తోలుపట్టీ మీద అటూ ఇటూ లాగాలి. అప్పుడే అంచు నిలబడుద్ది. ఊళ్ళో తోలు ఎవడి చేతి పని? చచ్చిన గొడ్డును మోసి, చర్మం ఒలిచి, సున్నంలో నానేసి, తంగేడు చెక్కతో తోలును పదును చేసినవాడు మాదిగ. ఆ తోలే కత్తికి పదును పెట్టింది. పదునెక్కిన కత్తి మాత్రం మాదిగ గడ్డాన్ని ముట్టనంది. ఇదీ మన ఊళ్ళ శాస్త్రం.

1904లో అమెరికాలో గిలెట్ అనే ఆయన వాడి పారేసే బ్లేడుతో గీసే సేఫ్టీ రేజరుకు పేటెంటు తీసుకున్నాడు. ఆ సరుకు పోనుపోను మన ఊరి కిరాణా కొట్టు దాకా వచ్చింది. పట్నం మనిషికి బ్లేడు సుఖం. మన కుర్రోళ్ళకు బ్లేడు విడుదల. ఎందుకంటే బ్లేడు కులం అడగలా. కానీ అది గడ్డం వరకే. తల సంగతేంది? ఎవడి తల వాడు కత్తిరించుకోలేడు గదా! అక్కడికి వచ్చేసరికి ఇంకొక మనిషి చెయ్యి కావాలి. మనిషి చెయ్యి కావాల్సిన చోటే కులం మళ్ళీ ఎదురొచ్చి నిలబడుద్ది.

ఇప్పుడు అదంతా ఎక్కడుంది అనేవాళ్ళున్నారు. 2001-02లో 11 రాష్ట్రాల్లో 565 గ్రామాలు తిరిగి, ఘనశ్యామ్ షా, హర్ష్ మందర్, సుఖదేవ్ థోరట్ వగైరాలు 2006లో పుస్తకం వేశారు. సగానికి దగ్గరగా గ్రామాల్లో దళితులకు మంగలి పని చెయ్యడం లేదని అందులో తేలింది. ఆ తరవాత కాలం మారిన మాట నిజమే. చాలా ఊళ్ళల్లో మనోళ్ళు కుర్చీ ఎక్కారు. కొన్ని ఊళ్ళల్లో వివక్ష వేషం మార్చింది. మనం పోతే షాపు కట్టేసే టైమవుతుంది. కరెంటు పోతుంది. బ్లేడ్లు అయిపోతాయి. మనకో తువ్వాలు, మిగతావాళ్ళకో తువ్వాలు. నోటితో కాదనరు, కూర్చోమనీ అనరు. మన కుర్రోడు సిగ్గుపడి బస్సెక్కి టౌనుకు పోతాడు. బస్సు చార్జీ, సగం పూట కూలి రెండూ పోతాయి. అది చూసి ఊరు, 'వాళ్ళకు టౌను కటింగే ఇష్టం' అంటుంది.

ఇదిగో, మోసం అంతా ఈ 'ఇష్టం' అనే మాటలో ఉంది. తలుపు మూసినవాడు, బయట ఉండటం నీ ఇష్టమే గదా అంటున్నాడు. పట్నం మనిషి మడత కత్తి పట్టుకుంటే అది ఇష్టం. ఎందుకంటే రేపు విసుగు పుడితే వీధి చివర షాపులో కుర్చీ అతనికోసం ఖాళీగా ఉంటుంది. మన తాతకు ఆ కుర్చీ లేదు. రెండో దారి ఉన్నప్పుడే మొదటి దారిని ఎంచుకున్నాం అనాలి. ఉన్నది ఒక్కటే దారి అయినప్పుడు దాన్ని ఎంపిక అనరు, వెలి అంటారు.

అయితే మంగలి మన శత్రువా? కానే కాదు. ఈ మాట మన సంఘాల్లో ప్రతి కుర్రోడికీ బోధపడాలి. ఏడాది పొడుగునా ఊరందరికీ గొరిగితే అతనికి దక్కింది కల్లం కాడ మేర గింజలు. నిజాం రాజ్యంలో దొర గడికి వెట్టి చేసిన కులాల్లో మంగలీ ఉన్నాడు. వాళ్ళ మగాళ్ళు ఊరి పెళ్ళిళ్ళకు సన్నాయి ఊదారు. వాళ్ళ ఆడాళ్ళు ఊరి కాన్పులు చేశారు. బదులుగా ఊరు ఏమిచ్చింది? పని లేని మంగలి పిల్లి తల గొరిగాడని సామెత కట్టి నవ్వింది. కులం పేరునే తిట్టు చేసింది. అలా తిట్టిన నోళ్ళే, పల్లెవాళ్ళకు చేశావంటే మా గడప తొక్కొద్దని అతన్ని బెదిరించాయి. చెయ్యి అతనిది, ఆజ్ఞ ఆసామిది. ఇప్పుడు పట్నాల్లో ఏసీ పెట్టి, అద్దాలు బిగించి పెద్ద కులాలోళ్ళే సెలూన్లు తెరుస్తున్నారు. అక్కడ అది వ్యాపారం. ఊళ్ళో మంగలి చేస్తే మాత్రం అది కులవృత్తి!

ఆ చెయ్యి ఎదురు తిరగలేదా అంటే తిరిగింది. 1890లో బొంబాయిలో ఫూలే శిష్యుడు నారాయణ్ మేఘాజీ లోఖండే చొరవతో మంగలి సోదరులు వందల మంది సమావేశమై, బ్రాహ్మణ వితంతువుల తలలు ఇక గొరగం అని తీర్మానించుకున్నారు. అన్యాయానికి మా కత్తి ఇయ్యం అని తెగేసి చెప్పారు. అదీ ఆ కత్తికి ఉన్న అసలు చరిత్ర. పై కులాలోడి మాట విని దళితుణ్ణి కాదన్న కత్తి కంటే, పై కులాలోడి మొహమ్మీదే కుదరదన్న కత్తి గొప్పది. ఈ చరిత్రను మంగలి సోదరులకు మనం గుర్తు చెయ్యాలి.

ఇక చట్టం మాట. రాజ్యాంగం 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. 15వ అధికరణం రెండో భాగం, కులం పేరుతో ఎవరినీ షాపుల్లోకి రానీకుండా ఆపకూడదంది. షాపంటే ఏంది అన్న ప్రశ్న 1948 నవంబరులో రాజ్యాంగ సభలోనే వచ్చింది. అడిగి వచ్చినవాళ్ళకు సేవ చేసిపెట్టే చోటు ఏదైనా షాపే, అందులో మంగలి పనీ వస్తుందని అంబేద్కర్ వివరించారు. చిన్నప్పుడు అక్క చేత క్షవరం చేయించుకున్న ఆ పిల్లవాడే దేశం మొత్తానికీ ఆ కుర్చీని రాసిపెట్టాడు. మనం అడుగుతున్నది భిక్ష కాదు, ఆయన రాసిచ్చిన ఆస్తి.

1955 నాటి చట్టం, ఇప్పుడు పౌరహక్కుల పరిరక్షణ చట్టం అంటున్నది, అంటరానితనం పాటించి సేవ నిరాకరిస్తే నెల నుంచి ఆరు నెలల జైలు, 100 నుంచి 500 రూపాయల జుర్మానా అంది. 1989 అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో సవరణ చేశారు. అది 2016 జనవరి 26 నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం షాపులోకి రాకుండా అడ్డుకోవడమూ నేరమే, సాంఘిక బహిష్కరణ పెట్టడమూ, పెడతామని బెదిరించడమూ నేరమే. శిక్ష ఆరు నెలల నుంచి ఐదేళ్ళు. అంటే షాపులో నిలబడ్డ బీదవాణ్ణి వదిలేసి, రచ్చబండ మీద కూర్చుని ఆజ్ఞ ఇచ్చినవాణ్ణి పట్టుకునే దారి చట్టంలో ఉంది. కేసు రాయించేటప్పుడు ఈ తేడా మరవొద్దు.

మనలోనే కొందరు అన్నలు ఇంకో మాట అంటారు. మనల్ని కాదన్నవాడి కుర్చీ కోసం మనం ఎందుకు దేబిరించాలి? మన పిల్లలకు పని నేర్పిద్దాం, మన పేటలో మనమే షాపు పెట్టుకుందాం అంటారు. ఆత్మగౌరవంతో వచ్చిన మాటే ఇది. మేం దాన్ని తేలిగ్గా తీసెయ్యం. కానీ రెండు సంగతులు ఆలోచించండి. ఒకటి, పేటలో షాపు పెడితే రేపు ఊరు ఏమంటుంది? మీకు మీ షాపు ఉంది గదా, ఇటెందుకొచ్చారు అంటుంది. మన బావి, మన గుడి, మన శ్మశానం అన్నీ ఇలా వేరుపడ్డవే. రెండు, మంగలి పాత, చాకలి కొత్త అని సామెత. చెయ్యి పాతబడ్డ మంగలి దగ్గరికి పోవాలని ఊళ్ళో అందరికీ ఉంటే మనకు మాత్రం ఉండదా? మన పిల్లలు ఈ పని నేర్చుకుంటే సంతోషమే. అప్పుడు షాపు పేటలో కాదు, ఊరి సెంటర్లో పెట్టాలి. అన్ని కులాల గడ్డాలూ అక్కడికి రావాలి.

పంచాయతీలు తలుచుకుంటే ఏం చెయ్యగలవో 2020లో కేరళలో చూశాం. ఇడుక్కి జిల్లా వట్టవడలో దళితులకు క్షవరం చెయ్యడం లేదని గొడవ వస్తే, అందరికీ ఒకే కుర్చీ అని పంచాయతీయే మంగలి షాపు తెరిచింది. మన సర్పంచులకు ఆ అధికారం లేక కాదు, ఆ మనసు లేక.

కార్యకర్తలకు మా సూచనలు ఇవి. ముందు మంగలి ఇంటికి పోండి, స్టేషనుకు తరవాత. నీ మీద కోపం లేదు, నీకు ఊరు పని ఆపితే మా ఇళ్ళన్నీ నీ గిరాకీయే అని మాట ఇయ్యండి, ఇచ్చిన మాట నిలబెట్టుకోండి. ఎవరు బెదిరించారో అడిగి రాసుకోండి. నెలాఖరున జరిపే సివిల్ రైట్స్ డే మీటింగు మీ ఊళ్ళో పెట్టమని తహసీల్దారును, ఎస్సైని అడగండి. ఆ రోజు ఒకణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి ఫొటో తీసుకుని అధికారులు పోతారు. అంతటితో అయిందనుకోవద్దు. మళ్ళీ వారం పోండి, ఆ పై వారం పోండి. పదిమంది ఊరేగింపుగా పోవడం తేలిక. ఎవరూ తోడు లేకుండా మన కుర్రోడు ఒక్కడే పోయి, వరసలో తన వంతు వచ్చినప్పుడు కూర్చుని, అందరిలాగా డబ్బులిచ్చి లేచి వస్తే, అప్పుడు గెలిచినట్టు.

ఆ తరవాత ఎవరికైనా మడత కత్తే ముద్దనిపిస్తే నిక్షేపంగా పట్టుకోండి. తాత కత్తి అటక మీద ఉంటే దించి, తుప్పు వదిలించి, నూరి వాడుకోండి. ఆ కత్తి మన సిగ్గు కాదు, మన తాతల చేతి నేర్పు. కానీ కుర్చీ సాధించినాక పట్టిన కత్తే ఇష్టం. అంతదాకా అది వెలికి గుర్తు. ప్రతి ఊళ్ళో, ప్రతి షాపులో, అందరికీ ఒకే కుర్చీ, ఒకే తువ్వాలు, ఒకే వరస. అంతకు తక్కువ దేనికీ ఒప్పుకోం.

జై భీం!