సూదికి ముందు తెలుగులో చెప్పాలి

ప్రత్తిపాడు ప్రాంతంలో ట్రాక్టరు బోల్తాపడి దెబ్బలు తగిలినా, కడుపునొప్పి ఎన్నాళ్లకూ తగ్గకపోయినా, సి.టి. స్కాన్ అనగానే గుంటూరు బస్సు ఎక్కవలసిందే. అక్కడ స్కాన్ గది ముందు కూర్చున్న రైతు చేతికి చాలాచోట్ల ఒక ఇంగ్లీషు కాగితం ఇచ్చి సంతకం చేయమంటారు. సంతకం రాకపోతే వేలిముద్ర వేయమంటారు. ఏం కాగితమని అడిగితే ‘మామూలేనయ్యా’ అన్న జవాబు వస్తుంది.

నరంలోకి ఎక్కించే మందుకు ఒప్పుకుంటున్నట్లు రాసిన కాగితం అది. ఆ మందును అందరూ డై అంటారు. పేరుకే డై, చూస్తే నీళ్లలా ఉంటుంది. అందులోని అయోడిన్ ఎక్స్‌రే కిరణాలను అడ్డుకోవడంవల్ల రక్తనాళాలు, మూత్రపిండాలు బొమ్మలో తెల్లగా తేలతాయి. లోపల గడ్డ ఉన్నదీ, రక్తం కారుతున్నదీ స్పష్టంగా తెలుస్తుంది. కనుక భయపడి వద్దనుకోవలసిన మందు కాదు. ప్రాణం నిలిపే సందర్భాలూ ఉన్నాయి.

మందు ఎక్కగానే ఒళ్లంతా వేడెక్కుతుంది. నోట్లో ఇనుము నాకినట్లుంటుంది. మూత్రం పడిపోయిందేమోనని కూడా అనిపిస్తుంది. ఇవన్నీ కాసేపట్లో పోతాయి. ముందుగా ఒక్కమాట చెప్పకపోతే మనిషి బెదిరి కదులుతాడు, బొమ్మ చెడుతుంది.

దద్దుర్లు, ముఖం వాపు, ఆయాసం మొదలైతే మాత్రం వెంటనే సిబ్బందికి చెప్పాలి. 1990లో జపాను డాక్టర్లు మూడు లక్షలమందికి పైగా రోగుల వివరాలు ప్రకటించారు. పాతరకం మందుతో పదివేలమందిలో 22 మందికి, కొత్తరకంతో నలుగురికి తీవ్రమైన ఇబ్బంది కలిగింది. ఏ రకం ఎక్కిస్తున్నారో రోగి అడిగి తెలుసుకోవచ్చు.

చేపలు పడనివారికి ఈ మందు పడదన్న మాట ఊళ్లలో ఉంది. అది అపోహ. చేప పడకపోవడానికి కారణం అందులోని మాంసకృత్తులు, అయోడిన్ కాదు. అయోడిన్ అందరూ రోజూ తినే ఉప్పులోనే ఉంది. ఇంతకుముందు ఇదే మందు పడకపోయినవారు, ఉబ్బసం ఉన్నవారు మాత్రం ఆ సంగతి దాచకూడదు.

మన పల్లెల్లో అసలు చూడవలసినది మూత్రపిండాల సంగతి. మందు బయటకు పోయేది వాటి ద్వారానే. ఇదివరకు అనుకున్నంత ముప్పు లేదని ఇటీవలి పరిశోధనలు చెబుతున్నా, అవి అప్పటికే బాగా దెబ్బతిన్నవారికి జాగ్రత్త తప్పదు. మిరపకాయలు కోసి కోసి నడుం పట్టేసిన కూలీ నొప్పిబిళ్ల మింగి మళ్లీ చేలోకి దిగుతుంది. ఎండలో నీళ్లు తాగే తీరిక ఉండదు. ఏళ్లతరబడి అలా బిళ్లలు మింగితే మూత్రపిండాలు చెడవచ్చు, పైకి మాత్రం ఏమీ కనిపించదు. క్రియాటినిన్ అనే చిన్న రక్తపరీక్షతో బయటపడుతుంది. షుగరుకు మెట్‌ఫార్మిన్ వాడేవారిలో మూత్రపిండాలు బలహీనంగా ఉన్నవారు స్కాన్ తరువాత రెండు రోజులు ఆ బిళ్ల ఆపవలసి ఉంటుంది. ఆ మాట డాక్టరు చెప్పాలి, ఎవరికి వారు ఆపకూడదు.

చికిత్సకు ముందు దాని స్వభావం, ప్రమాదం రోగికి అర్థమయ్యేలా చెప్పి అనుమతి తీసుకోవాలని సుప్రీంకోర్టు 2008లోనే స్పష్టం చేసింది. అర్థంకాని భాషలో వేయించిన వేలిముద్రను అనుమతి అనడం ఎలా? జిల్లా వైద్యాధికారులు పూనుకుంటే అర పేజీ తెలుగు కాగితం పెద్ద పనేమీ కాదు. ఉబ్బసం ఉందా, షుగరు ఉందా, నొప్పిబిళ్లలు ఎన్నాళ్లుగా వాడుతున్నారు, ఇంతకుముందు ఈ సూది పడిందా అని అడిగితే చాలు. చదవలేనివారికి నర్సు చదివి వినిపించాలి. అత్యవసరం కాని కేసుల్లో రక్తపరీక్ష మండల కేంద్రంలోనే ముందుగా చేయించి పంపితే గుంటూరులో మరొక పూట పడిగాపులు తప్పుతాయి.

స్కాన్ అయ్యాక అరగంట అక్కడే కూర్చోబెట్టాలి. ఆఖరి బస్సు పోతుందని రోగి తొందరపడితే సిబ్బందే నచ్చజెప్పాలి. వెళ్లేటప్పుడు మందు పేరు, అది పడిందీ లేనిదీ చీటీమీద రాసివ్వాలి. మళ్లీ స్కాన్ అవసరమైతే ఏ ఊరి డాక్టరైనా మొదట చూడవలసినది ఆ చీటీనే.