ఎండకు తగ్గ కత్తెర

మార్చి వచ్చేసరికి నగరాల్లో సైకిల్ తొక్కేవారి బీరువాల్లోంచి పాత జెర్సీలు బయటపడతాయి. ఎప్పుడో విదేశాల నుంచి బంధువులు తెచ్చినవి కొన్ని, సెకండ్‌హ్యాండ్ బజారులో చవగ్గా దొరికినవి కొన్ని. రంగు వెలిసినా గుడ్డ మాత్రం చెక్కుచెదరదు. పాలియెస్టర్ మహిమ అది. చిక్కల్లా అవి మన ఎండ కోసం కుట్టినవి కాకపోవడమే. ఒంటికి అతుక్కునే గుడ్డ, మెడ దగ్గర జానెడు జిప్పు, నడుము దగ్గర బిగించే ఎలాస్టిక్, వీపు కింద మూడు జేబులు. ఆల్ప్స్ కొండలు దిగేటప్పుడు చలిగాలి ఛాతీకి కొట్టకుండా కాపాడే ఏర్పాటు నాగపూర్‌లో మే నెలలో శిక్షగా మారుతుంది.

దాంతో చాలామంది వెంటనే కత్తెర అందుకుంటారు. భుజాల దాకా చేతులు కోసేస్తారు. జెర్సీ కాస్తా బనియనవుతుంది. తొలి పావుగంట హాయిగానే ఉంటుంది. ఆ తర్వాత భుజాలు కాలడం మొదలవుతుంది.

సైకిల్ తొక్కే మనిషి నడిచే పొయ్యి లాంటివాడు. కండరాలు ఖర్చు చేసే శక్తిలో పెడల్‌కు చేరేది నాలుగో వంతుకు మించదు, మిగతాదంతా వేడే. ఓ మోస్తరు వేగంతో పోయే వ్యక్తి ఒంట్లో 300 నుంచి 400 వాట్ల వేడి పుడుతుంది. అంటే 60 వాట్ల పాత బల్బులు అయిదారు వెలిగినంత. గాలి చల్లగా ఉంటే అందులో కొంత తీసుకుపోతుంది. ఉష్ణోగ్రత 35 డిగ్రీలు దాటాక గాలే ఎదురు వేడినిస్తుంది. అప్పుడు మిగిలే దారి చెమట ఒక్కటే. లీటరు చెమట ఆవిరైతే దాదాపు 580 కిలోకేలరీల వేడి పోతుంది. కానీ ఆవిరి కావాలి. చొక్కా అంచు నుంచి కారి రోడ్డు మీద పడిన చెమట వల్ల ఒరిగేదేమీ లేదు.

కాబట్టి గుడ్డకు రెండు పనులు: చెమటను ఆరనివ్వడం, ఎండను ఆపడం. చేతులు కోసేస్తే మొదటిది కొంత మెరుగుపడుతుంది, రెండోది పూర్తిగా పోతుంది. ఎడారి జనానికి ఈ సంగతి ఎప్పుడో తెలుసు. బెడూయిన్లు మండుటెండలో నల్లటి అంగీలు ఎందుకు తొడుగుతారన్న ప్రశ్నతో 1980లో నేచర్ పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. అంగీ నల్లదైనా తెల్లదైనా ఒంటికి చేరే వేడి ఒక్కటేనని తేలింది. నల్ల గుడ్డ అదనంగా పీల్చుకున్న వేడి చర్మం దాకా రాకముందే పోతోంది. వదులుగా ఉన్న అంగీ లోపల గాలి ఆడటమే అందులోని కిటుకు.

అలాగని అంతటా ఒకే కత్తిరింపు పనికిరాదు. ఇంట్లో ఎయిర్ కూలర్‌ను తలచుకుంటే విషయం సులువుగా బోధపడుతుంది. నాగపూర్‌లో, రామగుండంలో అది గదిని చల్లబరుస్తుంది. చెన్నైలో, విశాఖలో తడి గాలిని చిమ్మి ఊరుకుంటుంది. చొక్కా సంగతీ అంతే. పొడి ఎండలో ఒళ్లు కప్పుకోవాలి, గుడ్డ తడుపుకోవాలి. ఉక్కపోతలో వీలైనన్ని చోట్ల గాలికి దారి తీయాలి.

దారి తీసేది సందు చివరి ఆల్టరేషన్ టైలరే. మెడ దగ్గరి పొట్టి జిప్పు విప్పి కింది అంచు దాకా తెరుచుకునే జిప్పు వేయించడం మొదటి పని. ఎదురుగాలి ఛాతీకి తగలాలంటే దీన్ని మించిన ఉపాయం లేదు. తర్వాత రెండు పక్కల కుట్లు విప్పి, చంక నుంచి నడుము దాకా నాలుగు వేళ్ల వెడల్పున జాలీ గుడ్డ పట్టీ కలపాలి. కొన్నప్పటి కంటే యజమాని వెడల్పయి ఉంటే, సాధారణంగా అయ్యే ఉంటాడు, ఆ బిగువూ దీంతోనే తీరుతుంది. మూడు జేబుల్లో నడిమిది చాలు. వీపున చెమట ఎక్కువగా పట్టే చోటే రెండు పొరల గుడ్డ ఎందుకు? నడుము ఎలాస్టిక్ తీసేసి మామూలుగా మడిచి కుట్టిస్తే లోపలికి వచ్చిన గాలి బయటికి పోతుంది.

టైలర్‌కు రెండు మాటలు చెప్పక తప్పదు. సాగే గుడ్డ మీద మామూలు నిలువు కుట్టు వేస్తే మొదటిసారి వంగగానే టపటపా తెగుతుంది. జిగ్‌జాగ్ కుట్టు, మొన గుండ్రంగా ఉండే బాల్‌పాయింట్ సూది, పాలియెస్టర్ దారం కావాలి. చంక దగ్గర ఓవర్‌లాక్ అంచు లావుగా మిగిలితే గంటలో చర్మం ఒరుసుకుపోతుంది, దాన్ని అణిచి కుట్టాలి. ఇక కొలతలు నిలబడి ఇవ్వకూడదు. హ్యాండిల్ పట్టుకున్నట్టు ముందుకు వంగి ఇవ్వాలి. లేకపోతే సైకిలెక్కగానే వీపు కింద బెత్తెడు ఎండకు బయటపడుతుంది.

చేతులకు పాత తెల్ల కాటన్ చొక్కా ఉంటే చాలు. దాని చేతులు కోసి, పైన వదులుగా ఎలాస్టిక్ వేయించి తొడుక్కోవచ్చు. కాటన్ తడి పట్టి ఉంచుతుందని క్రీడా దుస్తుల నిపుణులు తప్పుపడతారు. చల్లటి దేశాల్లో అది తప్పే. పొడి ఎండలో మాత్రం ఆ తడే మందు. ప్యాడ్ ఉన్న నిక్కర్ల జోలికి పోకపోవడం మంచిది. కుట్టు కాస్త పక్కకు జరిగినా కూర్చోలేరు. లైక్రా పలచబడి వెనకవైపు నీడలు కనిపిస్తుంటే ఆల్టరేషన్ అక్కర్లేదు. ఆ సంగతి ఇంట్లోవాళ్లు మొహమాటం లేకుండా చెప్పాలి.

ఇదంతా సరదాగా తొక్కేవారి గొడవ అనుకోనక్కర్లేదు. 2011 జనగణన ప్రకారం దేశంలో దాదాపు 45 శాతం ఇళ్లలో సైకిలుంది. 2010 మేలో ఒక్క అహ్మదాబాద్‌లోనే మామూలు కంటే 1,344 మంది ఎక్కువగా చనిపోయారు. 2015 వడగాడ్పులకు దేశంలో రెండు వేలమందికి పైగా బలయ్యారు, వారిలో అత్యధికులు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వాసులు. పాలక్యాన్లు కట్టుకుని, కూరగాయల బుట్టలు పెట్టుకుని తొక్కేవారు వదులు చొక్కా, తలకు తడి తువ్వాలుతో బయల్దేరతారు. జెర్సీకి టైలర్ చేత చేయించేది ఆ పాత ఏర్పాటునే. అయితే ఎంత బాగా కుట్టించినా మిట్టమధ్యాహ్నం ఉక్కపోతలో చెమట ఆరదు. అప్పుడు చొక్కా మార్చడం కంటే వేళ మార్చడం మేలు. తెల్లారకముందే బయల్దేరేవారు వీపున మెరిసే పట్టీ ఒకటి కుట్టించుకోవాలి.

వేళ మార్చుకునే వీల్లేనివారు ఇంటింటికీ భోజనం చేరవేసే కుర్రాళ్లు. వారిలో సైకిళ్ల మీద తిరిగేవారూ ఉన్నారు. కంపెనీ ఇచ్చిన పాలియెస్టర్ టీషర్టుకు కత్తెర వేసే స్వేచ్ఛ వారికి ఉండదు. దాని వీపున రబ్బరులా మందంగా అచ్చేసిన పేరు లోంచి గాలి దూరదు. ఆ అక్షరాలను సగానికి తగ్గించి, మిగతా చోట జాలీ గుడ్డ వేయడానికి పెద్ద ఖర్చేమీ కాదు.