మోకాళ్ళు అరిగింది ఎవరి కొలువులో?

మన నిర్మల్ దిక్కు వాడల్లో మిలిట్రీల చేసి వచ్చినోళ్ళు ఉన్నరు. ఆగస్టు 15 నాడు జెండా కాడికి పిలిచి సలాం కొడతం. తెల్లారి ఆయన మోకాలు పట్టుకొని గడప దాటలేకపోతే అడిగేటోడు లేడు. పదిహేను, ఇరవై ఏండ్లు బరువులు మోసి, కొండలెక్కి, మంచుల పహరా కాసి అరిగిన కీళ్ళవి. కొలువు విడిచేటప్పుడు మెడికల్ బోర్డు చూస్తది. ఈ జబ్బు సర్వీసు వల్ల రాలేదు, సర్వీసు వల్ల పెరగనూ లేదు అని ఇంగ్లీషుల రెండు ముక్కలు రాస్తది. ఆ రెండు ముక్కలతోటి వైకల్య పింఛను పోతది. కాగితం సందుగల పడి ఉంటది.

ఆ కాగితంల తరచుగా కనపడే మాట ‘కాన్‌స్టిట్యూషనల్’. బాబాసాహెబ్ రాసిన కాన్‌స్టిట్యూషన్ కాదు. నీ ఒంటి తత్వమే అంత, మా తప్పు లేదు అని అర్థం. మరి భర్తీ నాడు ఉరికించి, ఎత్తు దుంకించి, ఎముక ఎముక చూసి తీసుకున్నది ఎవరు? ధరమ్‌వీర్ సింగ్ అనే సిపాయి కేసులో 2013 జూలై 2న సుప్రీంకోర్టు ఈ మాటే చెప్పింది. చేరేనాడు రికార్డుల రాయని జబ్బు తర్వాత బయటపడి కొలువు పోతే అది సర్వీసుల వచ్చిందనే అనుకోవాలె. కాదంటే రుజువు చేసే భారం సర్కారుదే, సిపాయిది కాదు. ఆ తీర్పు 1982 నాటి నిబంధనల మీద వచ్చింది. 2008లో, మళ్ళ 2023 సెప్టెంబర్ 21 నుంచి నిబంధనలు మారినయి, దారి ఇరుకైంది. కనుక కొలువు విడిచిన తేదీ ముందు చూడాలె.

పైసల లెక్క చూడుండ్రి. నూరు శాతం వైకల్యానికి ఆఖరి జీతంల 30 శాతం ఇస్తరు. 40,000 జీతముంటే, 20 శాతం వైకల్యానికి నెలకు 2,400. అయితే 20ని 50గా లెక్కగట్టే పద్ధతి ఉన్నది, అప్పుడు 6,000. గడువు నిండి రిటైరైనోళ్ళకు ఇది వర్తించదని సర్కారు కట్టలకొద్దీ అప్పీళ్ళు వేసింది. 2014 డిసెంబర్ 10న రామ్ అవతార్ కేసుల సుప్రీంకోర్టు కొట్టేసింది. సరిహద్దు కాడ సిపాయిని పొగిడే సర్కారే కోర్టుల ఆయన మోకాలి మీద కొట్లాడుతది!

నిబంధన అందరికీ ఒక్కటే, నిజమే. కానీ సిపాయిలు ఎక్కువున్న ఊర్ల పక్కింటాయన గెలిచింది చూసి ఇంకొకాయన అప్పీలు పెడతడు. మన వాడల మిలిట్రీ ఆయన ఒక్కడే. అంబేడ్కర్ తండ్రి రాంజీ సక్పాల్ సుబేదార్. తెల్లోళ్ళు ‘యుద్ధ జాతుల’ లెక్క చెప్పి మహార్లకు పటాలం తలుపు మూసిన్రు. బాబాసాహెబ్ కొట్లాడిండు, 1941లో మహార్ రెజిమెంట్ లేచింది. చేరే హక్కు కోసం అంత కొట్లాట జరిగితే, విడిచినంక వచ్చే హక్కును సందుగల పెట్టి తాళమేసుడేంది?

తిరస్కరణ కాగితం అందిన ఆరు నెలల్ల మొదటి అప్పీలు పెట్టాలె. అదీ పోతే రెండోది. ఆ తర్వాత సాయుధ దళాల ట్రిబ్యునల్. మనకు చెన్నై బెంచి. ఏండ్లు దాటినా ఆశ విడవొద్దు. పింఛను నెలనెలా నడిచే హక్కని 2008ల తర్సేమ్ సింగ్ కేసుల సుప్రీంకోర్టు అన్నది, కాకపోతే పాత బకాయిని మూడేండ్లకే కుదించింది. మెడికల్ బోర్డు కాగితాలు లేకుంటే సమాచార హక్కు కింద రికార్డు ఆఫీసును అడగాలె. పది రూపాయల ఫీజు, దారిద్ర్యరేఖ దిగువనున్నోళ్ళకు అదీ లేదు.

వకీలు ఫీజుకు భయపడి ఆగుతున్నోళ్ళకు ఒక మాట. 1987 న్యాయసేవల చట్టం 12వ సెక్షన్ కింద ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును ఇయ్యాలె. కార్యకర్తలు వాడలకు పోయినప్పుడు మిలిట్రీ ఆయన ఇల్లు అడిగి, ఆ సందుగ తెరిపించి, డిశ్చార్జి పుస్తకం, బోర్డు కాగితం, తిరస్కరణ ఉత్తరం మూడూ జిరాక్సు తీయించి పెట్టుండ్రి. ఉత్తరం మీది తేదీని ఎర్ర సిరాతోటి గుర్తు పెట్టుండ్రి.