విప్పును మీరిన ఓటు ద్రోహమా?

బ్రిటిషు పార్లమెంటులో అధికార పక్షపు సామాన్య సభ్యులు తమ నాయకుల ఆజ్ఞను కాదని ఓటు వేసినప్పుడెల్ల మన పత్రికలు "తిరుగుబాటు" అని పెద్ద అక్షరములలో ప్రకటించుచున్నవి. ఆ మాట చూచి మనవారు పలువురు అదియేదో ఇంటిదొంగతనమని తలచుచున్నారు. మొన్నటి సంఘ సమావేశమున, వయసునను అనుభవమునను నాకంటె అధికులైన ఒక పెద్దలు, అట్టి సభ్యులను "తిన్నయింటి వాసములు లెక్కపెట్టువారు" అని సెలవిచ్చిరి. చాలమంది తలలూపిరి. ఆ పెద్దలయెడ నాకు గల గౌరవమునకు లోటు లేదు. ఆ మాటను మాత్రము నేనొప్పుకొనను. అది అట్లే నిలిచిపోయినచో నష్టపడువారు ఇంగ్లండువారు కారు, మనము.

ముందుగా ఆ సభ పద్ధతి కొంచెము తెలిసికొనవలెను. కామన్సు సభలో మంత్రులు ముందు బల్లలపై కూర్చుందురు. పదవులు లేనివారు వారి వెనుక బల్లలపై కూర్చుందురు. ఏ విషయమున ఎట్లు ఓటు వేయవలెనో పక్షము ప్రతి సభ్యునకు వ్రాసి పంపును. ఆ పత్రమును, దానిని పంపు అధికారిని కూడ "విప్పు" అందురు. వేటలో కుక్కలు చెదరిపోకుండ అదలించు వాని పేరునుండి పుట్టిన మాట యది. సభ్యులను పక్షము ఏ దృష్టితో చూచుచున్నదో ఆ పేరే చెప్పుచున్నది. మిక్కిలి ముఖ్యమైన ఓటు క్రింద మూడు గీతలు గీయుదురు. ఆ గీతలను మీరిన వానిని పక్షము తన వరుసనుండి వెలివేయవచ్చును, మంత్రిపదవి ఇయ్యకపోవచ్చును, మరుసటి ఎన్నికలో తన అభ్యర్థిగా నిలుపకపోవచ్చును. సభ్యత్వమును మాత్రము లాగుకొనజాలదు. అది ఓటరులిచ్చినది, తీసికొనవలసినదియు వారే. ఈ ఒక్క సంగతిని పాఠకులు మనసునందుంచుకొన ప్రార్థన.

నేను వర్తకుడను గనుక అంగళ్ళ బిల్లుతో ప్రారంభింతును. ఇంగ్లండులో 1950 నాటి చట్టము ఆదివారపు అమ్మకములను, కొన్ని మినహాయింపులతో, నిషేధించియుండెను. ఆ మినహాయింపులు చదివిన ఏ వర్తకునికైనను నవ్వు రాక మానదు. ఆదివారమునాడు ఫలాహారములు అమ్మవచ్చును గాని, వేపుడు చేపలు, బంగాళాదుంపలు అమ్ముటయే వృత్తిగా గలవాడు తన అంగడిలో వానినే అమ్మరాదు! శ్రీమతి మార్గరెట్ థాచర్ ప్రభుత్వము 1986లో ఈ ఆంక్షలన్నింటిని ఎత్తివేయుటకు బిల్లు తెచ్చెను. సభలో ఆమెకు దాదాపు 140 మంది ఆధిక్యము కలదు. మూడు గీతల విప్పును పంపిరి. అయినను దేవాలయములకు పోవు క్రైస్తవులు, అంగళ్ళలో కొలువుచేయువారి సంఘము కలిసి ఆందోళన సాగించి, తమ తమ సభ్యులపై ఒత్తిడి తెచ్చిరి. ఏప్రిల్ 14వ తేదీన ఆమె పక్షమువారే 72 మంది ఎదురు ఓటు వేసిరి. బిల్లు 282కు 296 ఓట్లతో, ద్వితీయ పఠనముననే ఓడిపోయెను.

అంగడి ఏనాడు మూయవలెనో సర్కారు చెప్పుట నాకు నచ్చదు. ఆ సభలో నేనుండినచో బహుశః బిల్లు వైపే ఓటు వేసియుందును. అయినను ఆ 72 మందిని ద్రోహులనుటకు నాకు నోరాడదు. వారి చర్యచేత ప్రభుత్వము కూలినదా? కూలలేదు. శ్రీమతి థాచర్ మరుసటి యేట జరిగిన ఎన్నికలోను గెలిచెను. తరువాత 1994లో మధ్యేమార్గమున చట్టము వచ్చెను. చిన్న అంగళ్ళు ఇష్టము వచ్చినంతసేపు తెరచుకొనవచ్చును. 280 చదరపు మీటర్లు మించిన పెద్ద అంగళ్ళు ఆరు గంటలు మాత్రమే. దీనిని సడలింపనెంచి 2016లో డేవిడ్ కామెరాన్ ప్రభుత్వము చేసిన ప్రయత్నము కూడ, సొంత పక్షములోని కొందరు ఎదురు తిరుగుటచే, 286కు 317 ఓట్లతో వీగిపోయెను. వీధిచివరి చిన్న దుకాణదారునికి కొంత ఊపిరి మిగిలినదనిన, అది విప్పును మీరినవారి పుణ్యమే.

ఇక యుద్ధకాలపు మాట. 1940 మే 7, 8 తేదీలలో నార్వేలో కలిగిన పరాజయముపై చర్చ జరిగెను. ప్రధాని నెవిల్ చేంబర్లేన్. ఆయన పక్షమువాడే లియో ఎమెరీ. ఇరువురును బర్మింగ్‌హామ్ నగరమునుండి ఎన్నికైనవారే. ఆ ఎమెరీ వెనుక బల్లనుండి లేచి, పూర్వము క్రాంవెల్ నాటి పార్లమెంటును వెడలగొట్టుచు పలికిన మాటలనే పలికి, తన నాయకుని పదవినుండి తొలగుమనెను. మరునాడు చేంబర్లేన్ సభలో తనకును మిత్రులు కలరని చెప్పుకొనెను. ఓట్లు లెక్కింపగా ప్రభుత్వమునకు 281, ఎదురుగా 200. లెక్కకు అది గెలుపే! కాని 200కు మించియుండవలసిన ఆధిక్యము 81కి దిగిపోయెను. ప్రభుత్వ పక్షములవారు సుమారు 40 మంది ఎదురు ఓటు వేసిరి. ఇంకను పలువురు ఓటే వేయక కూర్చుండిరి. రెండు దినములలో చేంబర్లేన్ దిగిపోయి చర్చిల్ ప్రధాని అయ్యెను. ఎమెరీని ప్రేమింపవలసిన పని మనకు లేదు. తరువాత అతడే ఇండియా వ్యవహారముల మంత్రియై, 1942లో మన నాయకులు చెరసాలలకు పోయిననాడు ఆ పదవిలోనే యుండెను. కాని ఆ మే మాసమున అతడు ఎవరి యిల్లు తిని ఎవరి వాసములు లెక్కపెట్టెను? వాసములకు చెద పట్టినదని ఇంటిలోనివాడు చెప్పక, వీధిన పోవువాడు వచ్చి చెప్పునా?

తిరుగుబాటు చేసినవాడెల్ల ధర్మాత్ముడని నేను చెప్పుట లేదు. ఆ చర్చిల్ కథయే చూడుడు. 1935లో ఇండియా పరిపాలన బిల్లు వచ్చినప్పుడు, మనకు కొంత స్వపరిపాలన దక్కుట ఓర్వక, వెనుక బల్లనుండి తన పక్షపు ప్రభుత్వముతోనే పోరాడినవాడు చర్చిల్. ఓడిపోయెను; ఓడిపోవుటయే న్యాయము. ఆ చట్టము ననుసరించియే 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రమైనది. బరంపురమున మన కుటుంబములు నాటినుండియే అల్పసంఖ్యాక భాషవారైరి; ఆ ప్రాంతపు పాఠకులకు నేను చెప్పవలసినది లేదు. అయితే ఒక్క ప్రశ్న. విప్పును మీరినందులకు సభ్యత్వమే పోవునను నియమము నాడు ఆ దేశమున ఉండి, పక్షము పట్టుబట్టియుండినచో, చర్చిల్ 1935లోనే సభ వెలుపలనుండెడివాడు. అప్పుడు 1940లో ఆ దేశమువారు ఎవరిని పిలుచుకొందురు?

ఇటీవలి సంగతులును ఇట్లే యున్నవి. 2003 మార్చి 18న ఇరాకు యుద్ధముపై ఓటు జరిగినప్పుడు టోనీ బ్లెయిర్ పక్షమువారు 139 మంది, యుద్ధమునకు తగిన కారణము ఇంకను రుజువు కాలేదను సవరణను బలపరచిరి. అంతకు ముందు దినమే రాబిన్ కుక్ మంత్రిపదవి వదలి వెనుక బల్లలపైకి చేరెను. సవరణ ఓడిపోయెను, యుద్ధము జరిగెను. పదుమూడేండ్లకు, 2016లో, చిల్‌కాట్ విచారణ సంఘము శాంతిమార్గములు ముగియకమునుపే యుద్ధమునకు దిగిరని తేల్చెను. అప్పటికి పోయిన ప్రాణములు ఎవరు తిరిగి తేగలరు? 2024 జూలైలో కీర్ స్టార్మర్ ప్రభుత్వము, పేద కుటుంబములలో మూడవ బిడ్డనుండి సహాయభత్యమును నిలుపు నియమమును తొలగింపుమని ఓటు వేసిన తన పక్షమువారిని ఏడుగురిని వెలివేసెను. 2025 నవంబరు బడ్జెటులో అదే ప్రభుత్వము ఆ నియమమును ఎత్తివేయుదుమని తానే ప్రకటించెను. ఏ మాట పలికినందుకు దండించిరో ఆ మాటనే పదునారు నెలలకు తామును పలికిరి! అవిధేయులనబడినవారు తరచు చేయుచున్నది ఇంతే. నాయకులకు రేపు తెలియబోవు సంగతిని నేడు చెప్పుచున్నారు.

ఇది ఊరక చేయు సాహసము కాదు, దానికి వెల కలదు. 2019 సెప్టెంబరు 3న, ఒప్పందము లేకుండ ఐరోపా కూటమినుండి వెడలిపోవుటను అడ్డుకొనుటకై 21 మంది కన్సర్వేటివు సభ్యులు బోరిస్ జాన్సన్ ప్రభుత్వమునకు ఎదురు ఓటు వేసిరి. వారినందరిని వెంటనే వెలివేసిరి. అందు చర్చిల్ మనుమడు నికొలస్ సోమ్స్ కలడు. 1970 నుండి సభలోనున్న కెనెత్ క్లార్క్ కలడు. కాని ఎన్నికల వరకు వారు సభ్యులుగనే యుండిరి, మాటలాడిరి, ఓటు వేసిరి. పదిమందిని పక్షము మరల చేర్చుకొనెను. డిసెంబరు ఎన్నికలో పక్షము వెలుపలనుండి నిలిచినవారిలో ఒక్కరును గెలువలేదు. అది ఓటరుల తీర్పు. దానిని నేను తప్పుపట్టను. పూర్వము ఎడ్మండ్ బర్క్ కూడ అట్లే ఓడెను. ప్రతినిధి తన వివేకమును ఓటరుల ఇష్టమునకు అమ్ముకొనరాదని 1774లో బ్రిస్టల్ నగరమున నిలిచి చెప్పినవాడాయన. ఐర్లండు వర్తకముపై ఆంక్షలు సడలింపవలెనని వాదింపగా ఆ నగరపు వర్తకులు, మా జాతివారే, కోపించిరి. 1780లో ఆయన అచ్చట పోటీనుండి తప్పుకొనవలసివచ్చెను. వేరొక చోటునుండి సభకు వచ్చిన ఆ బర్కే 1785లో ఆర్కాటు నవాబు అప్పుల వ్యవహారముపై లేచి, మన దక్షిణదేశపు రైతుల గోడును లండనులో వినిపించినవాడు.

"ఇట్లు ఎవరి ఇష్టము వారిదైనచో ప్రభుత్వములు నిలుచునా? మన దేశమున సభ్యులను సంతలో పశువులవలె కొనుచుండలేదా?" అని అడుగవచ్చును. న్యాయమైన ప్రశ్నయే. 1967లో హర్యానాలో గయా లాల్ అను సభ్యుడు పక్షములు మారిన తీరునకే గదా "ఆయారాం గయారాం" అను సామెత పుట్టినది. కాని పక్షము మారి పదవి పట్టినవాడు వేరు. పక్షములోనే యుండి, పదవి నష్టపోయి, అందరి యెదుట కాదన్నవాడు వేరు. మొదటివాడు బేరము కుదుర్చుకొన్నవాడు, రెండవవాడు బేరమును కాలదన్నినవాడు. ఈ ఇరువురిని ఒకే త్రాటితో కట్టుటయే మనము చేసిన పొరపాటు. 1985లో 52వ రాజ్యాంగ సవరణచే వచ్చిన పదవ షెడ్యూలు ప్రకారము, పక్షపు అనుమతి లేక విప్పునకు ఎదురుగా ఓటు వేసినను, ఓటు వేయక ఊరకున్నను, పదునైదు దినములలో పక్షము మన్నింపనిచో సభ్యత్వము పోవును. బడ్జెటైనను, బడిపంతుళ్ళ విషయమైనను ఒకటే శిక్ష.

దీనివలన ఎక్కువగా దెబ్బతినునది ఎవరు? పెద్ద సంఖ్యగల జనులకు పక్షములే వంగి నమస్కరించును. చెల్లాచెదరుగా నున్న మనవంటి భాషాల్పసంఖ్యాకులకు దిక్కు, మన వీధికి వచ్చి మన కష్టము విన్న ఒక్క సభ్యుడే. తల్లిభాషలో ప్రాథమిక విద్యకు తగిన వసతులు కల్పింపవలెనని రాజ్యాంగపు 350ఎ అధికరణము చెప్పుచున్నది. అయినను తమిళనాటి 2006 నాటి చట్టము తమిళమును ఒకటవ తరగతి మొదలు పదవ తరగతి వరకు క్రమముగా నిర్బంధము చేయగా, మన పిల్లల కొరకు న్యాయస్థానముల మెట్లెక్కవలసివచ్చెను. అట్టి బిల్లుపై అధికార పక్షము విప్పు పంపినచో, మన వీధి ఓట్లతో గెలిచినవాడు ఏమి చేయగలడు? చేయి కాదని ఎత్తినచో స్థానమే పోవును. కర్ణాటకములోను, మహారాష్ట్రములోను, ఒడిస్సాలోను ఇదే స్థితి. యానామునుండి పుదుచ్చేరి శాసనసభకు పోవు ప్రతినిధి ఎన్నికైన 30 మందిలో ఒక్కడు. ఆ ఒక్కని నోటికిని తాళమే. ఇంగ్లండులో అంగళ్ళ పనివారు తమ ప్రతినిధికి ఉత్తరము వ్రాసిరనిన దానికి ఫలితముండెను. మనము వ్రాసిన ఉత్తరమును మన ప్రతినిధి చదివి కన్నీరు పెట్టుకొనవచ్చును, ఓటు మాత్రము వేయలేడు.

పదవ షెడ్యూలును సాంతముగా కొట్టివేయుమని నేను కోరుట లేదు. 1990లో దినేశ్ గోస్వామి సంఘము ఒక మార్గము చూపియున్నది: పక్షము వదలినవానికిని, ప్రభుత్వము నిలుచునా కూలునా అని తేల్చు విశ్వాస తీర్మానము, ఆర్థిక బిల్లు వంటి ఓట్లలో మీరినవానికిని మాత్రమే సభ్యత్వము పోవలెను, తక్కిన బిల్లులపై సభ్యునకు స్వేచ్ఛ యుండవలెను. ఈ సూచనను బలపరచుచు మన సంఘ కార్యవర్గపు తదుపరి సమావేశమున నేనొక తీర్మానము ప్రతిపాదింతును. పైన పేర్కొన్న పెద్దలు దానిని ఎదిరింపదలచినచో వారికి కావలసినంత సమయమిత్తుము. తీర్మానము నెగ్గినచో దాని ప్రతులను మన శాసనసభ్యులకును, పార్లమెంటు సభ్యులకును పంపవలెను. మరియు రాబోవు ఎన్నికలలో మన గడప త్రొక్కు ప్రతి అభ్యర్థిని, ఏ పక్షమువాడైనను, పూలదండకు మునుపు ఒక్క ప్రశ్న అడుగవలెను: "అయ్యా, మా బడి విషయమున మీ నాయకుడొకటి చెప్పి మేమొకటి చెప్పినచో, మీరు ఎటు ఓటు వేయుదురు?" అతని జవాబును వ్రాసికొని ఈ పత్రికకు పంపుడు. అందరి జవాబులను పేర్లతో సహా అచ్చువేయుమని సంపాదకులను నేను కోరుదును.