ఎండ పాఠం సెలవులకి ముందే చెప్పాలి

సౌరశక్తి అంటే ఏమిటి అని అడిగితే మనందరం గడగడా అప్పచెప్తాం. తరగని శక్తి, పొగ రాదు, రెండు మార్కులు. కానీ సోలార్ ప్లేటు ఎండ వేడికి పనిచేస్తుందా, వెలుగుకి పనిచేస్తుందా అంటే ఎంతమంది చెప్తారు? వెలుగుకే. వేడి మరీ ఎక్కువైతే ప్లేటు కూడా కరెంటు తక్కువ ఇస్తుంది. దానికే అలాగుంటే మనిషి సంగతేమిటి?

2015 మే నెలలో మన ఆంధ్రప్రదేశ్‌లో వడదెబ్బకి వెయ్యిమందికి పైగా చనిపోయారు. మనకి ఏప్రిల్ ఆఖరున సెలవులిస్తారు. రంపచోడవరం, మారేడుమిల్లి వైపు పిల్లలం ఇంటికెళ్ళి జీడిపిక్కలు ఏరతాం, అమ్మతో అడవికి పోతాం. రాజమండ్రి పిల్లలు ఫ్యాను కింద ఉంటారు (అందరూ కాదులెండి). అందుకే ఈ పాఠం మార్చిలోనే చెప్పాలని నా అభిప్రాయం. మనకి చెప్తే ఇంట్లోవాళ్ళకి చెప్పినట్టే.

ఒళ్ళు కాలిపోయి, మాట తడబడితే అది వడదెబ్బ. నీడకి చేర్చి, బట్టలు వదులుచేసి, తడిగుడ్డతో ఒళ్ళంతా తుడుస్తూ విసరాలి. తెలివి తప్పినవాళ్ళ నోట్లో నీళ్ళు పొయ్యకూడదు. మా ఊళ్ళో అందరూ ముందు చేసేది అదే! 108కి ఫోను చెయ్యాలి. సిగ్నలు లేని ఊళ్ళో డోలీ కట్టి మొయ్యాలి కాబట్టి, దారిపొడుగునా తడుపుతూనే ఉండాలి. తెలివి ఉంటే లీటరు నీళ్ళలో ఆరు టీచెంచాల పంచదార, అర టీచెంచా ఉప్పు కలిపి కొంచెం కొంచెం తాగించాలి. ఎండలోకి పోయేముందు అంబలి, గంజి తాగినా మంచిదే.

వార్డెన్ మేడంగారూ, ఒంటిపూట బడుల్లో డ్రిల్లు ఆఖరి పీరియడు పెట్టారు. దాన్ని మొదటి పీరియడుకి మార్పించండి. చింతచెట్టు నీడ గ్రౌండులో ఉండేది అప్పుడే.

– 9వ తరగతి విద్యార్థిని